మందుల బండి దగ్గర

పద్నాలుగో గది తలుపు మీద పిలుపు లైటు వెలిగింది. ఆ సమయానికి వెర్నెల్ పన్నెండో గది ఆమెకు ఇవ్వవలసిన చక్కెర జబ్బు మాత్రను చిన్న కాగితపు కప్పులో వేస్తోంది. కప్పును బండి మీద పెట్టింది. తన కాళ్లు నడక మొదలుపెట్టిన సంగతి పద్నాలుగో గది గుమ్మం దాకా ఆమెకు తెలియలేదు.

"కర్టెన్ లాగమ్మా, ఎండ కళ్లలో పడుతోంది" అంది మంచం మీది మిస్ జూనీ.

వెర్నెల్ కర్టెన్ లాగింది. దిండు సర్దింది. దుప్పటి ఎత్తి, ముసలామె మడమల కింద చెయ్యి పెట్టి, చర్మం ఎర్రబడలేదు కదా అని చూసింది. ఈ వృద్ధుల హోమ్‌లో ఆయాగా తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే అది. ఇవాళ మాత్రం ఆమె ఒంటి మీద ఉన్నవి ఆయాలు వేసుకునే ఊదారంగు బట్టలు కావు. ప్రాక్టికల్ నర్సు కోర్సు చదివేవాళ్లకు కాలేజీ ఇచ్చిన తెల్ల చొక్కా. మిస్ జూనీ దాన్ని గమనించలేదు. ఆ కాసేపూ వెర్నెల్‌కు కూడా గుర్తు లేదు.

వెనక్కి వచ్చేసరికి బండి సొరుగు తెరిచి ఉంది. కాగితపు కప్పు నేల మీద పడి ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పి, ఇక్కడ పరీక్ష పెట్టే హేగుడ్ మేడమ్ ఒక చేత్తో మిస్టర్ లెమ్ గడ్డం పట్టుకుని, చేతొడుగు వేసిన వేలు ఆయన బుగ్గలో పెట్టి వెతుకుతోంది. మిస్టర్ లెమ్‌కు మతి నిలకడ లేదు. పొద్దున్న లేచింది మొదలు నడక చట్రం తోసుకుంటూ గదుల మధ్య పొడవాటి హాలంతా తిరుగుతాడు, ఏది కనబడితే అది నోట్లో వేసుకుంటాడు.

"మిఠాయి. నా మిఠాయి" అంటున్నాడు ఆయన.

తడిసి సగం కరిగిన మాత్ర బయటికి వచ్చింది. హేగుడ్ మేడమ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత వెర్నెల్‌ను చూసింది.

"నేను ఆ పక్కన ఇంకో అమ్మాయికి జవాబు చెబుతున్నాను. తల తిప్పి చూస్తే మీరు లేరు."

"లైటు వెలిగింది మేడమ్."

"నేనూ చూశాను. తాళం వెయ్యడానికి బొటనవేలితో ఒక్క నొక్కు చాలు మిసెస్ ప్రూయిట్."

"మిస్ జూనీ ఒక్కతే..."

"హాల్లో ఆయా ఉంది. పిలిచి పంపాలి. మందుల బండి మీ చేతిలో ఉన్నంతసేపూ మీ కాళ్లు మీవి కావు. ఆ మాత్ర పూర్తిగా మింగి ఉంటే, పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషి, ఈపాటికి ఎక్కడ ఉండేవాడు?"

వెర్నెల్ నేల మీది కప్పు తీసింది. నలిపి పిడికిట్లో పెట్టుకుంది.

"ఫెయిల్" అంది మేడమ్. గొంతులో కోపం లేదు. "మంగళవారం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే కోర్సు నుంచి తీసెయ్యాలి. కొత్త సంవత్సరంలో మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టుకోవాలి."

మధ్యాహ్నం వెర్నెల్ బాత్రూములో బట్టలు మార్చుకుంది. తెల్ల చొక్కా మడిచి సంచిలో పెట్టి, ఊదారంగువి తొడుక్కుని బయటికి వస్తే మళ్లీ అదే హాలు. పొద్దున్న చదువు, సాయంత్రం కొలువు. కోర్సులో చేరినప్పటి నుంచీ ఇంతే.

"ఏమే నర్సమ్మా, దిగొచ్చావా మా లోకంలోకి?" అంది క్లోటీల్. వెర్నెల్‌తో పాటు ఈ హాలు చూసే ఆయా. నోరు ఎక్కువ, చెయ్యి అంతకంటే ఎక్కువ. "పద, పన్నెండో గది ఆమెను తిప్పాలి."

మంచానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఆమె కింద పరిచిన దుప్పటి అంచుల్ని పిడికిళ్లకు చుట్టుకున్నారు. ఒకటి రెండు అని లెక్కపెట్టుకోవలసిన అవసరం వాళ్లకు ఎప్పుడో తీరిపోయింది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలుస్తుంది. బరువైన మనిషి దూదిలా లేచి మంచం మధ్యకు వచ్చింది.

"అందరూ చెప్పుకుంటున్నారు" అంది క్లోటీల్ వీపు వెనక దిండు దోపుతూ. "ఆ హేగుడ్‌కి నీ మీద ఏం పగ?"

"పగ కాదు. తప్పు నాదే."

"అయితే మాంట్‌గోమరీ పట్నం వెళ్లు. అక్కడ ప్రైవేటు బడి ఉంది కదా. సాయంత్రం క్లాసులు. ఫీజు కట్టాక ఎవర్నీ ఫెయిల్ చెయ్యరట. మా వదిన చెల్లెలు అక్కడే చదివింది."

"చదివి లైసెన్సు పరీక్షకి రెండుసార్లు కూర్చుంది. ఇప్పుడు చవక సరుకుల డాలర్ కొట్లో పనిచేస్తోంది."

"అది దాని తలరాత. పోనీ మేనేజరు చెప్పినట్టు సంతకం పెట్టు. హోమ్ వాళ్లే చదివిస్తారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు. కాకపోతే మూడేళ్లు ఇక్కడే చెయ్యాలి."

"ముప్ఫై మందికి ఇద్దర్ని పెడుతున్నారు. వాళ్ల డబ్బుతో చదువుకున్నాక ఇదేమిటి అని నోరెత్తగలనా?"

"ఇప్పుడు ఎత్తుతున్నావేంటి?"

వెర్నెల్ నవ్వబోయి ఆగిపోయింది. క్లోటీల్ నవ్వడం లేదు.

"నాకు చదువు రాదు గానీ ఒకటి అడుగుతా చెప్పు. ఇవాళ పిలిస్తే వెళ్లావు, ఫెయిల్. మంగళవారం పిలిచినా వెళ్లకపోతే పాస్. అంతేగా? నువ్వు ఆ బండి నెట్టుకుంటూ పోతుంటే లైట్లకి ఎవరు పరిగెత్తాలి? ఇన్నాళ్లూ ఇద్దరం పరిగెత్తాం. ఇక నేనొక్కదాన్నే."

తడిసిన గుడ్డలు చంకన పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది. వెర్నెల్ మంచం కడ్డీ పైకి లాగి, గట్టిగా పడిందో లేదో రెండుసార్లు ఊపి చూసింది.

ఇంట్లో ఎల్బర్ట్ మొక్కజొన్న రొట్టె కోసి, చిక్కుడు గింజలు ఉడకబెట్టి ఉంచాడు. ఆయన కలప లారీ నడుపుతాడు. భార్య చదువు మొదలుపెట్టాక వంట నేర్చుకున్నాడు. ఉప్పు ఇంకా పట్టుబడలేదు. పొద్దున్న జరిగింది వెర్నెల్ చెప్పాక ఇద్దరూ చేతులు పట్టుకుని తల వంచారు. భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ వెర్నెల్‌దే.

"ప్రభువా, ఈ ఆహారం కోసం నీకు వందనాలు" అని ఆగింది. ఎల్బర్ట్ కళ్లు మూసుకునే ఎదురుచూశాడు. "పిలిస్తే పలకమని చిన్నప్పటి నుంచీ నువ్వే కదా నేర్పావు. ఇప్పుడిదేమిటో నాకు తెలియడం లేదు" అంది.

"ఆమెన్" అన్నాడు ఎల్బర్ట్, కాసేపు చూసి. రొట్టె ముక్క ఆమె పళ్లెంలో పెట్టాడు. "ఆ పెద్దాయనకి ఏం కాలేదుగా?"

"కాలేదు. కానీ అయ్యుండేది."

"చెప్పాలంటే, ఇంకో ఏడాది పోతే పోయింది. ఆయా పని చెడ్డదా?"

"చెడ్డదని నేననలేదు. మందు తేడా చేసినా, ఊపిరి తేడాగా ఉన్నా, వెళ్లి ఎవరికో చెప్పి నిలబడాలి. వాళ్లు వచ్చేదాకా ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. చెయ్యి పట్టుకోవడం నాకు వచ్చు ఎల్బర్ట్. అక్కడితో ఆగిపోవడమే ఇంక నా వల్ల కాదు."

ఎల్బర్ట్ ఇంకో గరిటె గింజలు వడ్డించాడు. "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. సరిపోలేదు. సరిపోయిందంది.

ఆదివారం చర్చిలో వెర్నెల్ తెల్ల గౌను, తెల్ల టోపీ, తెల్ల చేతొడుగులు వేసుకుని వెనక బల్ల మీద కూర్చుంది. చర్చి నర్సుల్లో ఎవరికీ లైసెన్సు లేదు. పాట ఊపందుకుని, పరిశుద్ధాత్మ దిగివచ్చి ఎవరైనా సోలిపోతే, పరుగున వెళ్లి తల పట్టుకోవడం, విసనకర్రతో విసరడం, ఆడవాళ్ల మోకాళ్ల మీద గుడ్డ కప్పడం వాళ్ల పని. వాళ్లకు పెద్ద మదర్ సైక్స్. ఎనభై దాటినా కూర్చున్నప్పుడు ఆమె వీపు బల్లకు ఆనదు.

రెండో పాటలో కుడివైపు వరసలో ఒకామె చేతులెత్తి వెనక్కి వాలింది. వెర్నెల్ లేచింది. మదర్ సైక్స్ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది.

"అది నీ వైపు కాదు. రూబీ వైపు."

"దగ్గరున్నాను కదా మదర్."

"కూర్చో."

రూబీ వెళ్లింది. విసిరింది. పాట సాగింది. వెర్నెల్ కూర్చుంది గానీ మడమలు మాత్రం నేలకు ఆనలేదు.

ఆరాధన అయ్యాక భోజనాల గదిలో మదర్ సైక్స్ పళ్లేలు తీయించి, టీ కప్పులు పెట్టే చక్రాల బల్లను గది మధ్యకు తోయించింది. జరిగింది వెర్నెల్ నోటివెంట అప్పటికే రాబట్టింది. వంటగదిలోంచి ఎండు చిక్కుడు గింజలు తెప్పించి, మాత్రలన్నమాట, అని బల్ల మీద పోసింది. నర్సులందరినీ గోడ చుట్టూ కుర్చీల్లో కూర్చోబెట్టింది.

"మీరు ముసలివాళ్లు."

"అది నటించక్కర్లేదు మదర్" అంది రూబీ.

"నువ్వు నోరు మూసుకుని జబ్బు పడు. వెర్నెల్, కానీ."

వెర్నెల్ గింజ తీసింది. ఎవరి మందు, ఏ మందు, ఎంత, ఎప్పుడు అని పైకి చెప్పుకుంది. కప్పులో వెయ్యబోతుంటే రూబీ మొదలుపెట్టింది. "ఏయ్ పిల్లా, నాకు ఒంటికి పోవాలి. ఏయ్, నిన్నే. ఆగేలా లేదు." ఆడవాళ్లు నవ్వారు. వెర్నెల్ నవ్వలేదు. "ఇదుగో, లేస్తున్నా. పడిపోతున్నా. పడ్డానంటే నీదే పాపం" అంటూ రూబీ కుర్చీలోంచి జారింది.

వెర్నెల్ రెండంగల్లో వెళ్లి ఆమె చంకల కింద చేతులు వేసింది. వెనక నుంచి కటుక్కున చప్పుడైంది. మదర్ సైక్స్ బల్ల మీది గింజ నోట్లో వేసుకుని నములుతోంది.

"నేను చచ్చాను" అంది. "చంపింది నువ్వే. మళ్లీ మొదలెట్టు."

మళ్లీ మొదలెట్టింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి వెళ్లలేదు గానీ, తల వంచుకుని, వినపడనట్టు నిలబడింది. ముఖం కందిపోయింది.

"ఇదేంటి, చెవుడొచ్చిందా?" అంది మదర్ సైక్స్.

"పిలుస్తుంటే రాయిలా నిలబడటం నా వల్ల కావట్లేదు మదర్."

"రాయిలా నిలబడమని నీకెవరు చెప్పారు? విన్నానని చెప్పు. నోరుంది కదా. పంపు ఎవర్నైనా."

"ఎవర్ని? క్లోటీల్‌నా? మొన్నటిదాకా ఇద్దరం ఒకే దుప్పటి చెరో అంచు పట్టుకున్నాం. ఇప్పుడు దాన్ని అటెళ్లు ఇటెళ్లు అని ఎలా అనను?"

"ఓహో. నీ భయం బండిది కాదన్నమాట" అంది ముసలామె. గింజ పొట్టు నాలిక మీంచి తీసి పారేసింది. "నేను నర్సు బడికి వెళ్తానంటే, ఈ జిల్లాలో నల్లపిల్లలకి సీటు లేదన్నారు. వచ్చి ఇక్కడ టోపీ పెట్టుకున్నాను. అప్పట్నుంచీ విసనకర్ర ఊపుతున్నా. నన్ను ఎవరూ ఫెయిల్ చెయ్యలేదు వెర్నెల్. అడిగినవాడు లేడు, చూసినవాడు లేడు. నిన్ను నిలబెట్టి, చూసి, తప్పు అన్నవాళ్లు ఉన్నారు. అది చిన్న సంగతనుకుంటున్నావా?"

వెర్నెల్ చేతొడుగులు విప్పి జేబులో పెట్టుకుంది. గింజ తీసి కప్పులో వేసింది.

"రూబీ, జబ్బు పడు" అంది.

మంగళవారం హాల్లో క్లోటీల్ ఒక్కతే ఉంది. పొద్దుటి పూట వెర్నెల్ బదులు చేసే రెండో ఆయాకి జ్వరమని కబురొచ్చింది, బదులు ఎవర్నీ పంపలేదు. డ్యూటీ నర్సు, ఒక రోగిని అంబులెన్సు వాళ్లకు అప్పజెప్పడానికి గేటు దాకా వెళ్లింది. హేగుడ్ మేడమ్ అట్ట మీద కాగితం పెట్టుకుని బండి పక్కన నిలబడింది. ఈసారి తల ఎటూ తిప్పలేదు.

మొదటి రెండు గదులూ బాగానే సాగాయి. తాళం తియ్యడం, మందు చీటీ చదవడం, కప్పులో వెయ్యడం, మళ్లీ చదవడం, తాళం. ఏళ్లుగా తెలిసిన మనుషుల్నే పేరు చెప్పమని అడగడం. "ఏమే, మతి నాది పోయిందా నీది పోయిందా?" అని ఒకాయన కసిరాడు కూడా. మూడోది మిస్టర్ లెమ్ రక్తపోటు మాత్ర. వెర్నెల్ దాన్ని కప్పులో వేసింది. పద్నాలుగో గది మీద లైటు వెలిగింది.

ఆమె ఒక మడమ ఎత్తి, మళ్లీ దించింది. కప్పును చేతిలోనే ఉంచుకుంది. బొటనవేలితో తాళం నొక్కింది.

"మిస్ జూనీ, విన్నాను. వస్తున్నారు" అంది గట్టిగా. తర్వాత హాలువైపు తిరిగింది. "క్లోటీల్, పద్నాలుగుకి వెళ్లు."

తొమ్మిదో గది లోంచి క్లోటీల్ తల బయటికొచ్చింది. తల మాత్రమే.

"నీకు దారి తెలుసుగా?"

"తెలుసు. నేను కదలకూడదు. నువ్వు వెళ్లు."

ఇద్దరి చూపులూ కలిశాయి. క్లోటీల్ ముఖంలో ఎకసెక్కం కాసేపు నిలిచి, పోయింది.

"నేనూ కదలకూడదు" అంది నెమ్మదిగా. "ఈయన్ని కమోడ్ మీద కూర్చోబెట్టాను. ఒక చేత్తో పట్టుకునే ఉన్నా. వదిలితే బోర్లా పడతాడు."

లైటు వెలుగుతూనే ఉంది. గదిలోంచి మిస్ జూనీ గొంతు వినబడింది, మాటలు తెలియలేదు. కర్టెనే అయ్యుండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. వెర్నెల్ చేతిలో కప్పులో వేసిన మందు ఉంది. దాన్ని ఎక్కడా పెట్టకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. క్లోటీల్ చేతిలో ఒక మనిషి ఉన్నాడు. ఎవరి తప్పూ లేదు. ఎవరూ వెళ్లడమూ లేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ఆమె హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత పక్కకు చూసింది.

"మేడమ్, పద్నాలుగుకి మీరు వెళ్లాలి."

హేగుడ్ మేడమ్ కలం ఆగింది. "నేను పరీక్ష పెట్టడానికి వచ్చాను మిసెస్ ప్రూయిట్."

"తెలుసు మేడమ్. ఈ హాల్లో ఖాళీ చేతులు మీవే."

"నన్ను పంపమని పుస్తకంలో లేదు."

"పంపకూడదనీ లేదు."

తొమ్మిదో గదిలోంచి క్లోటీల్ వింటోందని వెర్నెల్‌కు తెలుసు.

"నేను వెళ్తే మీరు ఎవరికీ మందు ఇవ్వడానికి వీల్లేదు" అంది మేడమ్. "విద్యార్థి పక్కన చూసేవాళ్లుండాలి."

"ఇవ్వను. మీరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

హేగుడ్ మేడమ్ లైటు వైపు చూసింది. అట్టను గోడ కమ్మీ మీద ఆనించి, చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని వెళ్లింది.

నడక చట్రం టకటకలాడించుకుంటూ మిస్టర్ లెమ్ వచ్చాడు. "మిఠాయి ఉందా?" అన్నాడు.

"మీ మందుంది. మేడమ్ వచ్చాక ఇస్తాను. నాతో పాటు నిలబడండి."

ఆయన నిలబడ్డాడు. ఇద్దరూ బండి పక్కన, బస్సు కోసం ఆగినవాళ్లలా, నిలబడ్డారు. పద్నాలుగో గదిలో కుళాయి తిప్పిన చప్పుడు. పక్క దులిపిన చప్పుడు. మిస్ జూనీ గొంతు ఈసారి స్పష్టంగా వినబడింది.

"నువ్వెవరు? వెర్నెల్ ఏది?"

వెర్నెల్ కప్పు మీద అరచెయ్యి మూసింది. కాళ్లు రెండూ నేల మీదే ఉన్నాయి.

"వెర్నెలే నన్ను పంపింది" అంది హేగుడ్ మేడమ్ గొంతు. "కాస్త అటు తిరగండమ్మా."

ఆమె తిరిగివచ్చేసరికి చొక్కా చేతులు మోచేతుల దాకా ఎక్కి ఉన్నాయి, ముందు భాగం తడిసింది. "పక్క మొత్తం మార్చాల్సి వచ్చింది" అంది. చేతులు కడుక్కుని, అట్ట తీసుకుంది. "ఇంతసేపూ నేను చూడలేదు కాబట్టి ఈ మందు లెక్కలోకి రాదు. మొదటినుంచి చెయ్యండి."

వెర్నెల్ తాళం తీసింది. మాత్ర చీటీ చదివింది. కప్పులోది చూసింది. మళ్లీ చదివింది. "మీ పేరు చెప్పండి" అంది ముసలాయనతో.

"నీకు తెలీదా?"

"తెలుసు. అయినా మీరు చెప్పాలి."

ఆయన కాసేపు ఆలోచించి, నిదానంగా, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

చివరి గది అయ్యాక హేగుడ్ మేడమ్ కాగితం మీద సంతకం చేసింది. "పాసయ్యారు" అంది. రెండడుగులు వేసి ఆగింది. "ఈ హాలుకి ఒక్క ఆయానేనా?"

"ఇద్దరు మేడమ్. ఇవాళ ఒక్కరే."

మేడమ్ అట్ట మీద కాగితం తిప్పి, వెనక ఏదో రాసుకుంటూ ఆఫీసు గది వైపు నడిచింది. ఆ నడక మేనేజరు గది దాటి బయటి తలుపుకు వెళ్తుందా, లేక లోపలికా అని వెర్నెల్ చూసింది. మేనేజరు గది లోపలికే వెళ్లింది.

డ్యూటీ నర్సు తిరిగి వచ్చి బండి తాళాలు తీసుకుంది. అప్పటికి క్లోటీల్ పెద్దాయన్ని మంచం మీదకు చేర్చి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను పంపావు కదూ" అంది.

"పంపాను."

"రేపూ పంపుతావా?"

"పంపుతాను. వెళ్లలేకపోతే ఇవాళలాగే చెప్పు. ఇంకొకర్ని చూస్తాను."

క్లోటీల్ ఆమెను పై నుంచి కింద దాకా చూసింది. తెల్ల చొక్కాను, ఖాళీగా వేలాడుతున్న చేతుల్ని.

"ఈయనకి మంచినీళ్లు కావాలి. నేను స్నానాల గదికి పోవాలి, అక్కడ ఇంకొకామె కూర్చుని ఉంది. నువ్విప్పుడు ఖాళీయేగా?" అంది. "వెళ్లు, పట్రా."

వెర్నెల్ నీళ్లు తేవడానికి వెళ్లింది.